రెండు ఆప్షన్లూ ఒకేలా కనిపిస్తే

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డిగ్రీ, బీఈడీ అయ్యాయి. బ్యాంకు పరీక్షలూ, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్టూ రెండూ రాస్తున్నాను. రీడింగ్ కాంప్రహెన్షన్‌లో పాసేజీ అర్థమవుతుంది. అయిదు ఆప్షన్లలో మూడింటిని వెంటనే కొట్టేస్తాను. మిగిలిన రెండూ ఒకేలా ఉంటాయి. ఎంత ఆలోచించినా చివరికి తప్పుదే పెడుతున్నాను. కీ చూశాక కూడా నేను పెట్టింది ఎందుకు కాదో తెలియడం లేదు. తెలుగు పాసేజీల్లోనూ ఇదే పరిస్థితి. మొదట తోచిందే పెట్టెయ్యమని మా అన్నయ్య అంటాడు. పొడవుగా ఉన్న ఆప్షనే జవాబవుతుందని స్నేహితురాలు అంటుంది. ఏది పాటించాలి?
– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: మీ ఉత్తరంలో మాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన మాట, కీ చూశాక కూడా మీరు పెట్టింది ఎందుకు కాదో తెలియడం లేదన్నది. మూడు ఆప్షన్లను కొట్టేయగలుగుతున్నారంటే పాసేజీ మీకు అర్థమవుతున్నట్టే. కాబట్టి ఇంకో వంద పాసేజీలు చదివినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. చివరి రెండిటి దగ్గరికి వచ్చాక మీరు వేసుకుంటున్న ప్రశ్న మారాలి. ఇప్పుడు ‘ఈ రెండిట్లో ఏది బాగుంది?’ అని చూస్తున్నారు. రెండూ బాగానే ఉంటాయి, అలా ఉండేలా రాయడమే ప్రశ్నపత్రం తయారుచేసేవారి పని. సరైన జవాబుకు ఆనుకుని ఉండే తప్పు ఆప్షన్‌లో చాలాసార్లు ఒక్క మాటే పక్కకు జరిగి ఉంటుంది. ‘అందరూ’ ఉండాల్సిన చోట ‘కొందరు’, ‘తర్వాత’ ఉండాల్సిన చోట ‘వల్ల’, రచయిత మాట ఉండాల్సిన చోట ఇంకెవరి మాటో. ఆ మాటను పట్టుకోగలిగితే రెండు ఆప్షన్లూ ఇక ఒకేలా కనిపించవు.

చేయాల్సింది ఇదీ. రెండు ఆప్షన్లు మిగిలినప్పుడు, ముందు వాటిలో ఉమ్మడిగా ఉన్న భాగాన్ని పక్కన పెట్టండి. తేడా ఉన్న మాట మాత్రం మిగులుతుంది. ఆ మాటను పట్టుకుని పాసేజీలోకి వెళ్లండి. దానికి సంబంధించిన వాక్యం, దానికి ముందుది, తర్వాతిది, ఈ మూడూ చదవండి. ఏ ఆప్షన్‌లోని మాటకు అక్కడ ఆధారం దొరకలేదో అది పోతుంది. మంచిదాన్ని ఎంచుకోవాలన్న ఆలోచన మానేసి ఆధారం లేనిదాన్ని తీసేయడం మీద దృష్టి పెట్టాలి. ఆప్షన్‌లో తొమ్మిది మాటలు సరిగ్గా ఉండి పదోది తప్పయితే ఆప్షన్ మొత్తం తప్పే. చదివేటప్పుడు ఆ తొమ్మిది మాటలూ మనసుకు నచ్చేస్తాయి, పదోది జారిపోతుంది. మీ విషయంలో జరుగుతున్నది ఇదే అయ్యుండాలి.

ఉదాహరణ లేకుండా ఇది అర్థం కాదు. ఇక్కడివాళ్లకు తెలిసిన విషయం మీదే, అభ్యాసం కోసం ఒక చిన్న పాసేజీ రాశాం. ముందు ఒకసారి చదవండి.

‘పంతొమ్మిదో శతాబ్దం తొలి సగంలో గోదావరి డెల్టా కరువులతో, వరదలతో, తుపానులతో చితికిపోయింది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువ నీరు అందిన చోట్ల వరి సాగు పెరిగింది. అదే కాలువల మీద పడవలు తిరగడంతో ధాన్యాన్ని దూరపు ఊళ్లకు చేరవేయడం తేలికైంది. అయితే శివారు భూములకు నీరు ఆలస్యంగా చేరేది. పల్లపు చేలల్లో నీరు పెట్టడం కంటే మురుగు తీయడమే కష్టమైంది. నీరు తెచ్చే కాలువల మీద చూపిన శ్రద్ధ నీరు బయటికి పంపే కాలువల మీద చూపలేదని కొందరు విమర్శిస్తారు. ఆ లోపం ఉన్నా, డెల్టా బతుకుతెరువును ఆనకట్ట మార్చివేసిందన్న మాటలో అతిశయోక్తి లేదు.’

మొదటి ప్రశ్న: కాలువల వల్ల సాగులో వచ్చిన మార్పు ఏమిటి? మీకు మిగిలిన రెండు ఆప్షన్లు ఇవి అనుకోండి. ఒకటి, ‘కాలువ నీరు అందడంతో డెల్టా అంతటా వరి సాగు పెరిగింది.’ రెండు, ‘నీటి వసతి కలిగిన ప్రాంతాల్లో రైతులు మునుపటికన్నా ఎక్కువగా వరి వేశారు.’ మొదటిదాంట్లో దాదాపు అన్ని మాటలూ పాసేజీలోవే. కాలువ నీరు, అందడం, వరి సాగు, పెరిగింది. అందుకే చెయ్యి అటు పోతుంది. తేడా మాటలు ‘అంతటా’, ‘నీటి వసతి కలిగిన ప్రాంతాల్లో’. పాసేజీలో ఉన్నది ‘అందిన చోట్ల’. పైగా శివారుకు నీరు ఆలస్యమైందని కూడా తర్వాత చెప్పారు. ‘అంతటా’కు ఆధారం లేదు. జవాబు రెండోది. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. తప్పు ఆప్షన్ పాసేజీ మాటలనే అరువు తెచ్చుకుంది. ఒప్పు ఆప్షన్ అదే అర్థాన్ని వేరే మాటల్లో చెప్పింది. మాటలు కలిశాయి కదా అని పెట్టేవారిని ఆపడానికే ఇలా రాస్తారు. ఆప్షన్‌లో పాసేజీ పదాలు వరసగా కనిపిస్తే ఇంకొంచెం జాగ్రత్తగా చదవాలి తప్ప నమ్మకం పెంచుకోకూడదు.

రెండో ప్రశ్న: శివారు రైతులకు ఎదురైన ఇబ్బంది ఏమిటి? ఆప్షన్లు ‘నీరు ఆలస్యంగా చేరడం’, ‘మురుగు తీయడం కష్టం కావడం’. రెండూ పాసేజీలో ఉన్నాయి, పక్కపక్క వాక్యాల్లోనే ఉన్నాయి. కాని మురుగు పల్లపు చేల కష్టం. మన ఊళ్లలో శివారు చేలే పల్లంలోనూ ఉంటాయి కాబట్టి రెండూ ఒకటే అనిపించవచ్చు. పాసేజీ ఆ మాట చెప్పలేదు. ఇది చాలామందిని పడగొట్టే రకం. ఆప్షన్ అబద్ధం కాదు, పాసేజీలో ఉంది కూడా, అయినా అడిగినదానికి అది జవాబు కాదు. ఈ రకానికి మందు ఒకటే. చివరి రెండు మిగిలాక ప్రశ్నను మళ్లీ ఒకసారి చదవాలి. అప్పటికి పాసేజీ, అయిదు ఆప్షన్లు చదివి ఉంటారు కాబట్టి అసలు ఏమడిగారో మనసులో కొంచెం చెదిరి ఉంటుంది. మళ్లీ చదవడానికి అయిదు సెకన్లు పడుతుంది.

మూడోది కారణానికి సంబంధించినది. ‘వరి సాగు పెరగడం వల్ల పడవల రాకపోకలు మొదలయ్యాయి’ ఒక ఆప్షన్. ‘కాలువలపై పడవలు తిరగడం వల్ల ధాన్యం రవాణా సులువైంది’ ఇంకొకటి. పంట పెరిగితే పడవలు వస్తాయి కదా అని లోకం తెలిసినవారికి అనిపిస్తుంది. పాసేజీలో ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన ఉన్నాయంతే. ఒకదాన్ని ఒకటి పుట్టించిందని ఎక్కడా లేదు. ఆప్షన్‌లో ‘వల్ల’, ‘కారణంగా’, ‘దాంతో’, ‘ఫలితంగా’ కనిపిస్తే, పాసేజీలో కూడా అలాంటి ముడి ఉందో లేదో వెతకండి. ఉంటే ఏది ముందు, ఏది వెనక అన్నది చూడండి. తిరగేసి ఇవ్వడం మామూలే.

ఇక ఊహించి చెప్పే ప్రశ్న, ఇంగ్లిష్ పేపర్లో ‘ఇన్‌ఫర్’ అనే మాటతో వచ్చేది. ‘కాలువలకు ముందు ధాన్యాన్ని దూరపు ఊళ్లకు చేర్చడం అంత తేలిక కాదు’, ‘కాలువలకు ముందు ధాన్యం దూరపు ఊళ్లకు వెళ్లేది కాదు’. ‘తేలికైంది’ అన్నారంటే అంతకుముందు అంత తేలిక కాదనే. అంతవరకే వెళ్లగలం. అసలు వెళ్లేదే కాదనడానికి పాసేజీ ఒప్పుకోదు. ఇలాంటి ప్రశ్నల్లో ఇద్దరు పోటీదారులు మిగిలితే, తక్కువ దూరం దూకినదాన్ని పెట్టండి. ఊహ అన్నారు కదా అని చాలామంది పెద్ద ఊహను ఎంచుకుంటారు. పరీక్షకు కావలసిన ఊహ మాత్రం పాసేజీని ఒక్క అడుగు దాటితే చాలు.

అయిదో ప్రశ్న దగ్గర డెల్టా విద్యార్థులు ముఖ్యంగా జాగ్రత్త పడాలి. ‘పాసేజీ ప్రకారం కింది వాటిలో ఏది సరైనది?’ అని అడిగి, ఒక ఆప్షన్‌గా ‘ఆనకట్ట నిర్మాణానికి సర్ ఆర్థర్ కాటన్ సారథ్యం వహించారు’ అని ఇచ్చారనుకోండి. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. కాటన్ విగ్రహాలు చూస్తూ పెరిగినవాళ్లకు చెప్పాల్సిన పనే లేదు. పైన పాసేజీలో మాత్రం కాటన్ పేరు లేదు, మళ్లీ చూడండి. చాలామంది ఉందనే అనుకుని చదివేస్తారు. మనకు బాగా తెలిసిన విషయం మీద పాసేజీ వచ్చినప్పుడు మనసే ఖాళీలు పూరించేస్తుంది. రొయ్యల చెరువుల మీదో, కొబ్బరి ధర మీదో, మడ అడవుల మీదో పాసేజీ వస్తే ‘ఇది మనకు తెలిసిందే’ అని సంతోషపడేవారు ఎక్కువ తప్పులు చేయడం ఇందుకే. సముద్రంలో పట్టిన ఇలసా, గోదావరికి ఎదురెక్కాక పట్టిన పులసా చూడ్డానికి ఒకటే చేప. ఎక్కడ పట్టారన్నదాన్ని బట్టే ధర. ఆప్షన్‌ను కూడా అలాగే అడగాలి, నువ్వు ఈ పాసేజీలో ఏ వాక్యం నుంచి వచ్చావని. వాక్యం చూపించలేని ఆప్షన్ లోకంలో ఎంత నిజమైనా సరే, పెట్టకూడదు.

ఎవరి మాట అన్నది ఇంకో చిక్కు. ‘ఆనకట్ట గురించి రచయిత ప్రధాన అభిప్రాయం ఏమిటి?’ అంటే ‘మురుగు కాలువల మీద తగినంత శ్రద్ధ పెట్టలేదు’ అన్నది ఒకటి, ‘లోపాలున్నా డెల్టా జీవనాన్ని ఆనకట్ట మార్చింది’ అన్నది రెండోది. మొదటిది విమర్శకుల మాట. ‘ఆ లోపం ఉన్నా’ అనడంలో రచయిత దాన్ని ఒప్పుకున్నట్టే ఉంది, నిజమే. కాని ఒప్పుకుని పక్కన పెట్టి, తన మాట వాక్యం చివర చెప్పాడు.

ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బందులు మూడున్నాయి. కోచింగ్ పుస్తకాల్లో ఇవి పెద్దగా కనిపించవు గనుక వివరంగా చెబుతాం. మొదటిది వాక్యం తీరు. తెలుగు వాక్యంలో బరువంతా చివరి క్రియ మీద ఉంటుంది. ‘ఉన్నా’, ‘అయినా’, ‘కాని’ తర్వాత వచ్చేదే అసలు మాట. చిన్నప్పటి నుంచి మన చెవి చివరి ముక్క మీదే ఆగడానికి అలవాటు పడింది. ఇంగ్లిష్‌లో అలా ఉండాలని లేదు. ‘దో’, ‘ఆల్‌దో’ తో మొదలయ్యే ముక్కను వాక్యం చివర కూడా పెడతారు. ‘ది ఆనికట్ చేంజ్డ్ లైఫ్ ఇన్ ది డెల్టా, దో డ్రైనేజ్ రిమైన్డ్ పూర్’ అన్న వాక్యంలో అసలు మాట ముందే అయిపోయింది, తోక మాత్రం ఒప్పుకోలు. తెలుగు అలవాటుతో చదివితే ‘చివరికి మురుగు సమస్యే మిగిలింది’ అన్నట్టు మనసులో పడుతుంది. రచయిత ధోరణి అడిగిన ప్రశ్నలో ‘విమర్శిస్తున్నాడు’ అన్న ఆప్షన్ పెట్టేస్తాం. ‘దో’, ‘డిస్పైట్’, ‘వైల్’, ‘ఈవెన్ ఇఫ్’ కనిపించిన వాక్యంలో, ఆ మాట ఉన్న ముక్కను బ్రాకెట్లో పెట్టినట్టు ఊహించుకుని మిగిలినదాన్ని చదవండి. మిగిలినదే రచయిత మాట. ‘బట్’, ‘హౌఎవర్’ల విషయంలో మాత్రం మన అలవాటే పనికొస్తుంది, వాటి తర్వాత వచ్చేదే బరువైన మాట.

రెండోది ‘నాట్ ఆల్’. ‘నాట్ ఆల్ ఫార్మర్స్ బెనిఫిటెడ్’ అన్నదాన్ని మనసులో ‘రైతులందరికీ లాభం రాలేదు’ అని తెలుగు చేసుకుంటాం. ఈ తెలుగు వాక్యానికి రెండు అర్థాలున్నాయి. ఎవరికీ రాలేదనీ తీసుకోవచ్చు, కొందరికి రాలేదనీ తీసుకోవచ్చు. ఇంగ్లిష్ వాక్యానికి రెండోదే అర్థం. ఆప్షన్లలో ‘ఏ రైతూ లాభపడలేదు’, ‘కొందరు రైతులు లాభపడలేదు’ అని రెండూ ఇస్తే మన తెలుగే మనల్ని తికమక పెడుతుంది. అందుకని ‘నాట్ ఆల్’, ‘నాట్ ఎవ్రీ’, ‘నాట్ ఆల్వేస్’ కనిపించగానే ‘కొందరికి కాలేదు’, ‘కొన్నిసార్లు కాదు’ అని తెలుగు చేసుకోవడం అలవాటు చేసుకోండి.

మూడోది ‘ఎ’ అనే చిన్న అక్షరం. ‘ఎ ఫ్యూ’ అంటే కొందరు ఉన్నారని. ఉత్త ‘ఫ్యూ’ అంటే దాదాపు లేరని. ‘ఎ లిటిల్’, ‘లిటిల్’ కూడా అంతే. తెలుగులో ఈ ఆర్టికల్స్ లేవు కాబట్టి కన్ను వాటిని దాటేస్తుంది, రెండూ ‘కొద్దిమంది’గానే వినిపిస్తాయి. ‘ఆల్ బట్’ కూడా గుర్తుపెట్టుకోండి. ‘ఆల్ బట్ డ్రైడ్ అప్’ అంటే దాదాపు ఎండిపోయిందని. ‘ఎనీథింగ్ బట్ సింపుల్’ అంటే ఏమాత్రం తేలిక కాదని. ‘హార్డ్‌లీ’, ‘సెల్డమ్’, ‘స్కేర్స్‌లీ’ మాటల్లోనే ‘కాదు’ దాగి ఉంటుంది, వెతికినా ‘నాట్’ కనిపించదు.

టెట్‌లో తెలుగు పాసేజీకి ఇదే పని అచ్చుల మీద చేయాలి. తెలుగులో ఒక్క దీర్ఘం అర్థాన్ని మార్చేస్తుంది. ‘కాలువలే కారణం’ అంటే ఇంకేదీ కాదని. ‘కాలువలూ కారణం’ అంటే ఇంకా ఉన్నాయని. ‘కాలువలు కారణం’ అంటే ఉందని మాత్రమే, మిగతావాటి సంగతి చెప్పలేదు. మూడింటినీ ఆప్షన్లుగా ఇస్తే తొందరలో ఒకేలా కనిపిస్తాయి. ‘ఏ’ వచ్చిన చోట ‘మాత్రమే’ అనీ, ‘ఊ’ వచ్చిన చోట ‘కూడా’ అనీ చదువుకుంటే తేడా వెంటనే తేలుతుంది. అలాగే ‘అట’, ‘అంటారు’, ‘అని ప్రతీతి’ వస్తే అది రచయిత పూచీ పడి చెప్పిన మాట కాదు. ‘చేయవచ్చు’, ‘చేయగలదు’, ‘చేయాలి’, ‘చేస్తుంది’ అన్నవి నాలుగు వేరు వేరు మోతాదులు. పాసేజీ ‘తగ్గవచ్చు’ అంటే ‘తగ్గుతుంది’ అన్న ఆప్షన్ తప్పు. పద్యం ఇచ్చినప్పుడు భావం తెలిసినదే అయినా, అడిగింది పద్యంలో ఉన్న ఉపమానాన్నా, నీతినా, పదానికి అర్థాన్నా అన్నది ముందు చూసుకుంటే సగం తగాదా తీరిపోతుంది.

శీర్షిక, ముఖ్యాంశం అడిగే ప్రశ్నలకు ఎక్కువ చెప్పక్కర్లేదు. పై పాసేజీకి ‘డెల్టాలో మురుగు సమస్య’ చాలా ఇరుకు, ‘భారతదేశంలో నీటిపారుదల’ చాలా వెడల్పు, ‘ధవళేశ్వరం ఆనకట్ట తెచ్చిన మార్పు’ సరిపోతుంది. ఒక పేరాకే సరిపడే శీర్షిక, పాసేజీలో లేని ఊళ్లను కూడా కలుపుకునే శీర్షిక, రెండూ కొట్టేయండి. ధోరణి అడిగితే తీవ్రత చూడండి. ఆందోళన వేరు, ఆగ్రహం వేరు. ప్రశంస వేరు, పొగడ్త వేరు. రచయిత వాడిన విశేషణాలను వేలితో లెక్కపెట్టినా చాలు, ఎంత ఘాటుగా ఉన్నాడో తెలిసిపోతుంది.

బ్యాంకు పేపర్లలో ‘1, 2 మాత్రమే’, ‘2, 3 మాత్రమే’, ‘పైవన్నీ’ అనే రకం కూడా వస్తుంది. ఇందులో ఆప్షన్లను అసలు ముందు చూడకండి. మూడు వాక్యాలకూ రఫ్ పేపర్ మీద విడివిడిగా టిక్కు, ఇంటూ పెట్టి, ఆ తర్వాత ఆప్షన్లలోకి రండి. రెండు మిగిలితే, ఉదాహరణకు ‘1, 2 మాత్రమే’, ‘పైవన్నీ’ అయితే, తగాదా ఉన్నది మూడో వాక్యం ఒక్కదాని దగ్గరే. మిగతావాటిని మళ్లీ చదివి సమయం పోగొట్టుకోవద్దు. ప్రశ్నలో ‘నాట్ ట్రూ’, ‘ఎక్సెప్ట్’, ‘సరికానిది’ ఉంటే ఆ మాటను రఫ్ పేపర్ మీద పెద్దగా రాసుకోండి. అయిదు ఆప్షన్లు చదివేలోపు దాన్ని మరిచిపోయి, సరైన వాక్యం కనిపించగానే పెట్టేయడం చాలా మామూలు తప్పు.

ఇప్పుడు మీ అన్నయ్యగారి సలహా. మొదట తోచింది మార్చకూడదన్న మాట చాలా పాతది, చాలామంది నమ్ముతారు. జవాబు మార్చుకోవడం మీద జరిగిన అధ్యయనాలు మాత్రం, తప్పు నుంచి ఒప్పుకు మారినవే ఎక్కువని చూపించాయి. ఒప్పును తప్పుగా మార్చినప్పటి బాధ గట్టిగా గుర్తుండిపోతుంది కాబట్టి ఆ నమ్మకం బలపడింది. అలాగని ఊరికే మార్చకండి. పాసేజీలో కొత్తగా ఒక మాట ఆధారంగా దొరికితే మార్చండి, మనసు పీకుతోందన్నది ఒక్కటే కారణమైతే వదిలేయండి. పొడవైన ఆప్షన్ సంగతికి వస్తే, బడి పరీక్షల్లో అది కొంత పనిచేసి ఉండవచ్చు. పోటీ పరీక్షలకు ప్రశ్నలు రాసేవారికి ఈ చిట్కా తెలుసు. దాన్ని నమ్ముకోవద్దు. ‘ఓన్లీ’, ‘ఆల్వేస్’, ‘ఆల్’ ఉంటే తప్పే అన్న సూత్రం కూడా మీరు వినే ఉంటారు. అది అనుమానించడానికి పనికొస్తుంది, కొట్టేయడానికి కాదు. పాసేజీయే ‘ఎప్పుడూ’ అని ఉంటే ‘ఎప్పుడూ’ ఉన్న ఆప్షనే సరైనది.

ఆధారం వెతికినా రెండూ తేలకపోతే? లెక్క చూడండి. బ్యాంకు పరీక్షల్లో తప్పుకు పావు మార్కు పోతుంది. రెండిటి మధ్య నాలుగు ప్రశ్నలకు ఊహించి పెట్టారనుకుందాం. సగటున రెండు ఒప్పయి 2 మార్కులు వస్తాయి, రెండు తప్పయి అరమార్కు పోతుంది. నికరంగా 1.5. కాబట్టి నిజంగా మూడింటిని కొట్టేసిన తర్వాత రెండు మిగిలితే పెట్టడమే లాభం. అయిదిట్లో ఏదీ కొట్టేయలేకపోతే అయిదు ప్రశ్నలకు ఒక మార్కు వచ్చి ఒక మార్కు పోతుంది, పెట్టినా పెట్టకపోయినా ఒకటే, సమయం మాత్రం వృథా. టెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. 150 బిట్లకు 150 నిమిషాలు. ఒక్క బిట్టు కూడా ఖాళీగా వదలకండి.

సమయం విషయంలో, బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ సంస్థ పెట్టే తొలి దశ పరీక్ష (ప్రిలిమ్స్) కఠినమైనది. ఇంగ్లిష్ 30 ప్రశ్నలకు 20 నిమిషాలు, అంటే ప్రశ్నకు 40 సెకన్లు. కాంప్రహెన్షన్ పది ప్రశ్నలుంటే, మిగతా ఇరవైని అరనిమిషం చొప్పున పది నిమిషాల్లో ముగించి, పాసేజీకి పది నిమిషాలు మిగుల్చుకోండి. చదవడానికి మూడు నిమిషాలు, ప్రశ్నకు 40 సెకన్ల చొప్పున ఏడు నిమిషాల లోపు. రెండిటి మధ్య తగాదాకు ఇంకో అరనిమిషం మించి ఇవ్వొద్దు. తేలకపోతే ఒకటి పెట్టి, రివ్యూకు గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్లండి. చదివే మూడు నిమిషాల్లో ప్రతి పేరాకూ రఫ్ పేపర్ మీద మూడు నాలుగు మాటలు రాసుకుంటే, తర్వాత ఆధారం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ‘కరువు, తుపాను’, ‘సాగు, పడవలు’, ‘శివారు, మురుగు’, ‘అయినా మేలు’, ఇలా రాస్తే చాలు.

ఇంట్లో అభ్యాసానికి పదిహేను రోజులు ఇలా చేయండి. రోజుకు ఒక్కటే పాసేజీ, పాత ప్రశ్నపత్రాల నుంచి తీసుకున్నది. గైడులో తోచినట్టు రాసిన ఆప్షన్లతో ఈ అభ్యాసం కుదరదు, వాటిలో రెండు ఒప్పులూ ఉంటాయి, అసలు ఒప్పే లేనివీ ఉంటాయి. ముందు గడియారం పెట్టుకుని చేయండి. కీ చూడకుండానే, గడియారం తీసేసి మళ్లీ చేయండి. ప్రతి జవాబు పక్కనా ఆధారమైన వాక్యం నంబరు రాయండి. ఆ తర్వాతే కీ చూడండి. మొదటిసారి తప్పయి రెండోసారి ఒప్పయితే మీ లోపం తొందరలో ఉంది. రెండుసార్లూ తప్పయితే చదవడంలో ఉంది. ఈ రెండూ కలిపేసి ‘నాకు రాదు’ అనుకోవడం వల్లే చాలామంది దారి తెలియక ఆగిపోతారు.

తప్పయిన ప్రతి ప్రశ్నకూ నోట్‌బుక్‌లో ఒక వరస. మీరు పెట్టిన ఆప్షన్‌లో తప్పు మాట ఏది, పాసేజీలో దానికి ఎదురుగా ఉన్న మాట ఏది, తప్పు ఏ రకం. రకాలకు పేర్లు పెట్టుకోండి: మోతాదు, కారణం, ఎవరి మాట, పరిధి, బయటి జ్ఞానం, ప్రశ్న సరిగా చదవకపోవడం. నలభై తప్పులు పోగయ్యాక లెక్కపెడితే, ఒకటి రెండు రకాలే పదేపదే వస్తున్నాయని కనిపించే అవకాశం ఎక్కువ. అప్పటి నుంచి రెండు ఆప్షన్లు మిగిలిన ప్రతిసారీ ముందు ఆ రకం ఉందేమో చూడండి. తప్పు మాట ఏదో రాయలేకపోతే ఆ వరస ఖాళీగా వదిలి, రెండు రోజుల తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ దొరక్కపోతే కీ తప్పయి ఉండే అవకాశం కూడా ఉంది, ఎవరినైనా అడగండి.

ఇంకో పని మీ స్నేహితురాలితో కలిసి చేయవచ్చు. దినపత్రిక సంపాదకీయంలో ఒక పేరా తీసుకుని, ఇద్దరూ విడివిడిగా ఒక ప్రశ్న, ఒక సరైన జవాబు రాయండి. తర్వాత ఆ జవాబులో ఒకే ఒక్క మాట మార్చి తప్పు ఆప్షన్ తయారుచేయండి, చదివితే తప్పని తెలియకూడదు. కాగితాలు మార్చుకోండి. ఎదుటివారిని పడగొట్టడానికి ఏ మాట మార్చాలా అని వెతుకుతున్నప్పుడు, ప్రశ్నపత్రం తయారుచేసేవారు వెతికే చోట్లే మీరూ వెతుకుతారు. వారానికి పది ఇలా రాస్తే చాలు. మాక్ టెస్టుకు ముందు రోజు కొత్త పాసేజీ ముట్టుకోకుండా, నోట్‌బుక్‌లో మీ తప్పు మాటల వరసలు మాత్రం పైనుంచి కిందికి ఒకసారి చదువుకోండి.